ఎర్ర చీర ఒక్కటే రంగులో ఉంచి మిగతాదంతా బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఫోటో బాగుపడుతుందా, పాడవుతుందా?

మీరు అడిగింది ఇది: చెల్లెలి పెళ్లి ఆల్బమ్ మీరే ఎడిట్ చేస్తున్నారు. పెళ్లికూతురి ఎర్ర చీర మాత్రం రంగులో ఉంచి, మిగతాదంతా బ్లాక్ అండ్ వైట్ చేయమని ఇంట్లో వాళ్లు అడుగుతున్నారు. రెండు మూడు చేసి చూస్తే ఎబ్బెట్టుగా వచ్చాయి. లోపం ఆ పద్ధతిలో ఉందా, మీ ఎడిటింగ్‌లో ఉందా అన్నది మీ సందేహం. ఫోటోషాప్, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉన్నాయన్నారు.

సూటిగా చెప్తాను. మనిషి ముఖం ప్రధానంగా ఉన్న ఫోటోని ఈ పద్ధతి దాదాపు ఎప్పుడూ పాడుచేస్తుంది. వస్తువు ప్రధానమై, దాని రంగు చుట్టుపక్కల ఇంకెక్కడా లేని ఫోటోలో అప్పుడప్పుడు పనిచేస్తుంది. మిగతా రంగుల్ని పూర్తిగా తీసేయకుండా సగమో మూడో వంతో తగ్గిస్తే మాత్రం పెళ్లి ఫోటోల్లో చాలావాటికి మేలే జరుగుతుంది. ఇంట్లో వాళ్లు అడుగుతున్నది అసలు "చీర బాగా కనబడాలి" అని. ఆ కోరిక ఈ తగ్గింపుతోనే తీరుతుంది.

ముందు పేరు దగ్గర ఒక గందరగోళం ఉంది, అది తీర్చుకుందాం. ఫోటోషాప్‌లో "సెలెక్టివ్ కలర్" పేరుతో ఒక అడ్జస్ట్‌మెంట్ ఉంది. అది ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేయదు. ఎరుపులు, పసుపులు, ఆకుపచ్చలు, సయాన్‌లు, నీలాలు, మెజెంటాలు, తెలుపులు, న్యూట్రల్స్, నలుపులు అని తొమ్మిది గుంపులిచ్చి, ఒక్కో గుంపులో సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ ఎంతెంత ఉండాలో మార్చుకోనిస్తుంది. అది మంచి పనిముట్టు, దాని దగ్గరకు తర్వాత వస్తాను. ఒక్క రంగు వదిలి మిగతాది బూడిద చేసే పనిని కూడా జనం సెలెక్టివ్ కలర్ అనే పిలుస్తారు. కెమెరాల్లో నికాన్ దాన్నే "సెలెక్టివ్ కలర్" అంటుంది, సోనీ "పార్షియల్ కలర్" అంటుంది. యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి వస్తాయి, చూసుకోండి. కెమెరాలో ఉన్న ఆ ఎఫెక్ట్ వాడొద్దు. పోయిన రంగు జేపెగ్‌లోకి మళ్లీ తిరిగి రాదు.

ఇక ఎందుకు పాడవుతుందో చూద్దాం.

రంగుల చక్రంలో స్వచ్ఛమైన ఎరుపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన చర్మం, తెలుపైనా చామనఛాయైనా నలుపైనా, ఎక్కువగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే పడుతుంది. మనుషుల మధ్య తేడా ముఖ్యంగా వెలుగులోనూ రంగు గాఢతలోనూ ఉంటుంది తప్ప హ్యూలో (చక్రం మీద రంగు ఉండే చోటులో) కాదు. పెదవులు, చెవి అంచులు, కంటి కొనలు, వేళ్ల చివర్లు అయితే ఇంకా ఎరుపువైపు జరిగి 10 డిగ్రీల లోపలికే వస్తాయి. ఎర్ర పట్టుచీర ఉన్నదీ అక్కడే. కాబట్టి లైట్‌రూమ్ అనే ఎడిటర్‌లో హెచ్‌ఎస్‌ఎల్ (ఒక్కో రంగునీ విడిగా మార్చే ప్యానెల్) తెరిచి, రంగు గాఢత స్లైడర్లలో ఎరుపు తప్ప మిగతా ఏడింటినీ −100 చేస్తే ఏమవుతుంది? ముఖం బూడిదగా, చెవులు ఎర్రగా, పెదవులు ఎర్రగా, ముక్కు చివర లేత ఎరుపుగా మిగులుతాయి. జలుబు చేసిన మనిషిలా కనిపిస్తుంది. మీకు ఎబ్బెట్టుగా అనిపించింది బహుశా ఇదే.

మాస్క్ గీసి (మార్పు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో హద్దు పెట్టి) ముఖం మొత్తం శుభ్రంగా బూడిద చేస్తే? అప్పుడు ఇంకో ఇబ్బంది, అది మన ఇళ్లకే ప్రత్యేకం. ముఖం నలుపు తెలుపుల్లో ఉండి నుదుటి మీద కుంకుమ బొట్టు ఒక్కటే ఎర్రగా ఉన్న ఫోటో మన ఇళ్లలో ఎక్కడ ఉంటుందో గుర్తుచేసుకోండి. గోడ మీద, దండ వేసి, అద్దం మీద బొట్టు పెట్టి ఉంటుంది. పెళ్లికూతురి ఫోటోని ఆ రూపంలోకి తెస్తే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది, కారణం చెప్పలేకపోయినా సరే. బొట్టు మాత్రం రంగులో వదిలే పని పెళ్లి ఫోటోలో చేయకండి.

పాత స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మీద చేత్తో రంగులద్దేవారు కదా, అది మరి బాగుండేది కదా అని కొందరంటారు. అవును, చాలా బాగుండేది. అయితే ఆ పనివాళ్లు చర్మానికి, బుగ్గలకు, పెదవులకు పల్చగా జీవం పోసి, ఆ తర్వాత నగలకూ చీర అంచుకూ రంగు వేసేవారు. ఇక్కడ మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు. చీరకు జీవం ఉంచి ముఖం మీద నుంచి తీసేస్తున్నాం.

మూడో కారణం, రంగు ఒక చోటే ఉండదు. ఎర్ర చీర మీద పడ్డ వెలుగు గడ్డం కింద, చేతుల లోపలి వైపు, వడ్డాణం మీద, కాసులపేరు మీద ఎరుపై పడుతుంది. కంచు పళ్లెం పక్కన ఉంటే అందులోనూ ఎర్ర చాయ ఉంటుంది. చీర అంచు దగ్గర మాస్క్ కోసేసరికి ఈ చాయలన్నీ పోతాయి. చీర ఒక చోట, మనిషి ఇంకో చోట ఉన్నట్టు, కాగితం కత్తిరించి అతికించినట్టు అవుతుంది. తడి రోడ్డు మీద ఎర్ర గొడుగు ఫోటో అయినా ఇదే సంగతి. గొడుగుకు రంగు ఉంచి నీళ్లలో దాని నీడకు రంగు తీసేస్తే, చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది.

పెళ్లిలో ఈ పద్ధతికి బాగా సరిపోతాయనిపించి దెబ్బతీసే ఫోటోలు కొన్ని ఉన్నాయి. మెట్టెలు తొడిగే ఫోటో తీసుకోండి. సన్నికల్లు బూడిదరంగు రాయి, మెట్టెలు వెండి. ఫ్రేమ్‌లో సగం ముందే నలుపు తెలుపులే. పాదం మీద పారాణి ఎర్రగా ఉంది, ఇంకేం, అది వదిలి మిగతాది తీసేద్దాం అనిపిస్తుంది. చేసి చూడండి. పసుపు రాసిన పాదం బూడిదగా మారగానే పారాణి పారాణిలా కనబడదు, గాయంలా, నెత్తురులా కనబడుతుంది. పక్కన పసుపు ఉంది కాబట్టే ఆ ఎరుపును మన కన్ను పారాణి అని చదువుతోంది. ఈ ఫోటోలో రాయి వెనకాల పడ్డ చాప రంగు, పక్కనున్నవాళ్ల పంచె అంచు లాంటివి మాత్రం తగ్గించండి. పసుపు, ఎరుపు రెండూ అలాగే ఉంచండి.

జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఫోటోల్లో మధుపర్కాలు ఉంటే అసలు చేయాల్సిన పనే లేదు. తెల్లటి బట్ట, ఎర్ర అంచు, పసుపు కలిపిన బియ్యం. రంగులు ముందే లెక్కగా ఉన్నాయి. అక్కడ చెడగొట్టేది వెనకాల కనబడే నీలం ప్లాస్టిక్ కుర్చీ, వాటర్ బాటిల్ మూత, ఊదా రంగు ఎల్‌ఈడీ గోడ. వాటి మీద చేయి వేయండి.

ఎల్‌ఈడీ అంటే గుర్తొచ్చింది. రిసెప్షన్ స్టేజీ మీద ఊదా, మెజెంటా లైట్లు ముఖం మీద పడి పాడైన ఫోటోల్ని కాపాడటానికి కూడా ఈ పద్ధతి వాడుతుంటారు. ముఖాలు బూడిద చేసి చీర వదిలేస్తారు. కానీ ఆ లైటు చీర మీదా పడింది, చీర రంగు కూడా అబద్ధమే. అలాంటి ఫోటోని పూర్తిగా బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, నిశ్చింతగా ఉంటుంది.

పనిచేసేది ఎక్కడంటే: రంగు చర్మానికి దూరంగా ఉండాలి (ఆకుపచ్చ, నీలం, ముదురు ఊదా), అంచు గట్టిగా తెగినట్టు ఉండాలి, ఫ్రేమ్‌లో అదే రంగు రెండోచోట ఉండకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ రంగే ఫోటోలో చెప్పదలచిన విషయం అయి ఉండాలి. పళ్లెంలో పెట్టిన ఆకుపచ్చ గాజుల క్లోజప్‌లో ఈ నాలుగూ కుదురుతాయి. గాజు అంచు పదును, ఆకుపచ్చ 120 డిగ్రీల చుట్టూ ఉంటుంది, పట్టుకున్న చేతి చర్మంతో ఎక్కడా కలవదు. గాజుల దుకాణం కేటలాగ్‌కి, పెళ్లి శుభలేఖ కవర్‌కి ఇలాంటిది ఒకటి వాడుకోవచ్చు. అదే గుంటూరు మిర్చి యార్డు ఫోటో అయితే అవసరం లేదు. ఫ్రేమ్ నిండా ఎరుపే ఉన్నప్పుడు దాన్ని వేరుచేసి చూపించాల్సిన పనేముంది? బతుకమ్మ ఫోటోలో తంగేడు పసుపు ఒక్కటే వదిలితే చుట్టూ ఆడుతున్న ఆడవాళ్ల చీరలు చచ్చిపోతాయి, పండగే పోతుంది.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఫోటోని పూర్తిగా బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. బాగుంటే అలాగే వదిలేయండి. పూర్తి రంగులో బాగుంటే అలాగే ఉంచండి. రెండిట్లోనూ ఫోటో నిలబడకపోతే ఒక్క రంగు వదిలినంత మాత్రాన అది నిలబడదు. కన్ను రంగు ఉన్న చోటికే పరుగెత్తి అక్కడే ఆగిపోతుంది, అంతే జరిగేది.

ఇప్పుడు చేసే విధానం. ఫోటోషాప్‌లో ఇలా చేయండి.

రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకముందు దాచే అసలు ఫైల్) ఉంటే అందులోంచే మొదలుపెట్టండి, 16 బిట్‌లో తెరవండి, వైట్ బ్యాలెన్స్ ముందే సరిచేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీద ఈ పని అసలు చేయొద్దు. దానికి కారణం ఉంది. చాలా జేపెగ్‌లలో వెలుగు సమాచారం పూర్తి పిక్సెళ్లలో ఉంటుంది కానీ రంగు సమాచారం అడ్డంలో సగం, నిలువులో సగమే దాస్తారు. మామూలుగా చూస్తే తెలియదు. పక్కనున్న చర్మం బూడిద కాగానే చీర అంచు చుట్టూ రెండు మూడు పిక్సెళ్ల ఎర్రటి మసక బయటపడుతుంది. ఎంత జాగ్రత్తగా మాస్క్ గీసినా అది పోదు. మీరు చివర్లో సేవ్ చేసేటప్పుడు కూడా ఫోటోషాప్ "సేవ్ యాజ్"లో క్వాలిటీ 7 కన్నా తగ్గించకండి. 6, అంతకన్నా కిందికి వెళ్తే అది కూడా రంగు సమాచారాన్ని ఇలాగే కుదిస్తుంది. ఆల్బమ్‌కి 11, 12 వాడండి.

ముందు చీరని ఎంచుకోండి: సెలెక్ట్ మెనూలో కలర్ రేంజ్, ఫజ్జీనెస్ 40 నుంచి 60, "లోకలైజ్డ్ కలర్ క్లస్టర్స్" టిక్ పెట్టి, షిఫ్ట్ పట్టుకుని చీర మడతల్లో వెలుగున్న చోటా నీడున్న చోటా నాలుగైదు సార్లు క్లిక్ చేయండి. ఈ పని బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేయకముందే చేయాలి. వేశాక చేస్తే టూల్‌కి కనబడేది బూడిదే కాబట్టి చీర దొరకదు. పెదవులు, చెవులు, పక్కవాళ్ల బొట్లు ఎలాగూ ఎంపికలోకి వస్తాయి, లాసో తీసుకుని ఆల్ట్ పట్టుకుని వాటిని తీసేయండి. ఆ తర్వాత "సెలెక్ట్ అండ్ మాస్క్"లో, 24 మెగాపిక్సెల్ ఫోటో అయితే రేడియస్ 1 లేదా 2, ఫెదర్ (అంచు మెత్తదనం) 0.5 నుంచి 1 పిక్సెల్ చాలు. ఫెదర్ 5, 10 పెడితే చీర చుట్టూ ఎర్ర పొగ వచ్చేస్తుంది. కొత్తవాళ్ల ఫోటోల్లో ఎక్కువగా కనబడే లోపం ఇది.

తర్వాత "బ్లాక్ అండ్ వైట్" అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేయండి. ఎంపిక ఉండగా వేశారు కాబట్టి ముందు చీరే బూడిద అవుతుంది, కంగారు పడకండి, మాస్క్ మీద క్లిక్ చేసి కంట్రోల్+ఐ కొడితే తిరగబడుతుంది. కంట్రోల్+షిఫ్ట్+యూ కొట్టే డీశాచురేట్ మాత్రం వాడకండి. అది ఒక పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో అన్నిటికన్నా పెద్ద, చిన్న విలువల సగటు తీసుకుంటుంది. అందువల్ల స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు అన్నీ ఒకే బూడిదగా మారతాయి. మామిడాకుల తోరణం, బంతిపూల దండ, మెరూన్ తెర అన్నీ కలిసిపోయి ముద్దగా తయారవుతుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో అయితే ఒక్కో రంగు ఎంత వెలుగు బూడిదగా మారాలో మీ చేతిలో ఉంటుంది. మొదట్లో అక్కడ ఎరుపు 40, పసుపు 60 ఉంటాయి. చర్మం ఈ రెండిట్లోనే ఉంటుంది కాబట్టి, ఎరుపుని 55 నుంచి 70 మధ్యకి జరిపితే ముఖాలు తేటపడతాయి. 80 దాటితే పెదవులు చర్మంలో కలిసిపోతాయి, అక్కడ ఆగండి.

ఇప్పుడు అసలు కిటుకు: ఆ లేయర్ ఒపాసిటీని (అది ఫోటో మీద ఎంత గట్టిగా పనిచేయాలన్నది) 100 నుంచి 30కి తగ్గించండి. అక్కడి నుంచి 5, 5 చొప్పున పైకి తీసుకెళ్తూ ముఖం చూడండి. ముఖంలో రక్తం లేనట్టు కనబడిన చోట ఆగి, 10 వెనక్కి రండి. చాలా పెళ్లి ఫోటోలకి ఇది 35 నుంచి 55 మధ్య తేలుతుంది. ముఖాలూ చేతులూ ఉన్న చోట మాస్క్ మీద నలుపు బ్రష్‌తో, ఫ్లో 20 పెట్టి, ఇంకొంచెం రంగు తిరిగి రానివ్వండి. బ్రష్ హార్డ్‌నెస్ బట్ట అంచుల దగ్గర 70, 80 ఉండాలి, చర్మం మీద 0 సరిపోతుంది. గడ్డం కింద, వడ్డాణం మీద పడ్డ ఎర్ర చాయల్ని కూడా ఇలాగే వెనక్కి తెచ్చుకోండి.

కాంట్రాస్ట్ పెంచాలనుకుంటే కర్వ్స్ లేయర్‌ని అన్నిటికన్నా పైన, మాస్క్ లేకుండా వేయండి. బూడిద భాగానికే కాంట్రాస్ట్ పెంచి చీరని అలాగే వదిలేస్తే రెండూ వేర్వేరు కెమెరాల్లో తీసినట్టుంటాయి. కొద్దిగా గ్రెయిన్, 3 శాతం లోపు, మొత్తం మీద చల్లితే అంచులు ఇంకా కలిసిపోతాయి.

బూడిద లేకుండా సెలెక్టివ్ కలర్ అడ్జస్ట్‌మెంట్ ఒక్కదానితోనే పని అయ్యే ఫోటోలూ ఉంటాయి. వెనకాల లాన్ పచ్చగా కళ్లకు కొడుతోందనుకోండి. అందరూ "గ్రీన్స్" మీదకు వెళ్తారు, పెద్దగా మారదు. గడ్డి రంగు ఎక్కువగా "యెల్లోస్" గుంపులో ఉంటుంది. అందులో యెల్లో −20 నుంచి −30, బ్లాక్ +10 చేసి చూడండి, లాన్ వెనక్కి తగ్గుతుంది. చర్మం కూడా పసుపుల్లో ఉంటుంది కాబట్టి మనుషుల్ని మాస్క్‌తో తప్పించండి. ఎర్ర చీర మరీ మండుతూ మడతలు కనబడకపోతే "రెడ్స్"లో సయాన్ +10, +15 ఇవ్వండి, మడతలు తేలతాయి. రెడ్ ఛానల్ గరిష్ఠ విలువ 255కి చేరి వివరాలు కొట్టుకుపోయి ఉంటే మాత్రం ఇది పనిచేయదు, రా ఫైల్‌కి వెనక్కి వెళ్లి ఎక్స్‌పోజర్ తగ్గించాలి.

స్నాప్‌సీడ్‌లో: టూల్స్‌లో "బ్లాక్ అండ్ వైట్" వేసి ఓకే చేయండి. పైన ఉన్న ఎడిట్ స్టాక్ గుర్తు నొక్కి "వ్యూ ఎడిట్స్"లోకి వెళ్లండి. అందులో బ్లాక్ అండ్ వైట్ మీద నొక్కి బ్రష్ ఎంచుకోండి. కింద విలువ 100, 75, 50, 25, 0 మెట్లలో మారుతుంది. వెనకాల కుర్చీలకి, స్టేజీకి 50 లేదా 75 పెట్టి రుద్దండి. ముఖాలకి 25 దాటొద్దు. వేలితో అంచులు సరిగా రావాలంటే బాగా జూమ్ చేయండి, జూమ్ చేసే కొద్దీ బ్రష్ సన్నబడుతుంది.

ప్రింట్ గురించి ఒక ముఖ్యమైన మాట. కరిష్మా ఆల్బమ్ షీట్లు చాలాచోట్ల కలర్ పేపర్ మీద కానీ, నాలుగు ఇంకుల డిజిటల్ ప్రెస్ మీద కానీ వేస్తారు. రెండిట్లోనూ బూడిద అంటే రంగులన్నీ సమంగా కలిస్తే వచ్చేదే. ల్యాబ్‌లో ఏ మాత్రం తూకం తప్పినా బూడిద భాగం ఒక షీటులో ఆకుపచ్చగా, ఇంకో షీటులో గులాబీగా వస్తుంది. పక్కనే గాఢమైన ఎరుపు ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అందుకే స్వచ్ఛమైన బూడిద పంపకుండా ఫోటో ఫిల్టర్ లేయర్‌లో వార్మింగ్ ఫిల్టర్ 8, 10 శాతం వేసి పంపండి. ల్యాబ్ వేరే కలర్ ప్రొఫైల్ అడిగితే తప్ప ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో, అంగుళానికి 300 పిక్సెళ్లతో (300 డీపీఐ) పంపండి. 12×36 అంగుళాల షీటుకి అంటే 10800×3600 పిక్సెళ్లు. మొత్తం ఆల్బమ్ వేసే ముందు ఇలాంటి ఫోటో ఒకటి 6×8 సైజులో అదే ల్యాబ్‌లో వేయించి, పగటి వెలుగులో చూడండి.

పోటీలకి పంపే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: ఫియాప్ (అంతర్జాతీయ ఫోటోగ్రఫీ కళా సమాఖ్య) నిబంధనల ప్రకారం బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఒక భాగానికి రంగు చేరిస్తే అది మోనోక్రోమ్ విభాగంలోకి రాదు, కలర్ కిందే లెక్క.

ఇంట్లో వాళ్లకి మాటలతో చెప్తే ఒప్పుకోరు. ఒకే ఫోటోని మూడు రకాలుగా చేయండి: పూర్తి రంగు, పూర్తి బ్లాక్ అండ్ వైట్, పైన చెప్పినట్టు చీర నిండుగా ఉండి మిగతాది 45 శాతం తగ్గించింది. మూడూ పక్కపక్కన పెట్టి అమ్మకీ చెల్లికీ చూపించి "ఇందులో చెల్లి ఎక్కడ బాగుంది?" అని అడగండి. చీర ఎక్కడ బాగుంది అని అడగకండి. అప్పటికీ పూర్తిగా కావాలంటే ముఖం కనబడని ఫోటో ఎంచుకోండి: వెనక నుంచి తీసిన పూలజడ, ఒడిలో పెట్టుకున్న గాజుల చేతులు. ఆల్బమ్ మొత్తంలో ఒకటి, మహా అయితే రెండు. లేయర్లతో ఉన్న పీఎస్‌డీ ఫైలుని, మార్పు చేయని రంగుల ఫోటోని రెండిటినీ దాచి చెల్లికి ఇవ్వండి, రేపు ఆమె రంగుల్లోనే కావాలని అడగొచ్చు.

మీరు చేసినవాటిలో ఒకటి ఇక్కడ పెట్టగలిగితే, ముఖం పక్కన చీర కొంగు కలిసే చోటు 200 శాతం జూమ్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. తేడా మాస్క్‌లో ఉందో, జేపెగ్‌లో ఉందో అంచు చూస్తే తెలిసిపోతుంది.